బ్లెండర్‌లో బంతికీ తెలుగు అక్షరాలకూ కదలిక: 8 సెకన్ల టైటిల్‌ని మొదటి నుంచి చివరిదాకా చేయడం

3డి సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌తో యానిమేషన్ మొదలుపెట్టిన తెలుగువాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు రెండు. కీఫ్రేములు (ఏ ఫ్రేములో వస్తువు ఎలా ఉండాలో చెప్పే గుర్తులు, పొట్టిగా ‘కీలు’) లెక్కగానే పెట్టాం కదా, వస్తువు నీళ్లలో తేలుతున్నట్టు ఎందుకు కదులుతోంది? తెలుగులో టైప్ చేస్తే ఒత్తులూ గుణింతాలూ ఎందుకు చెల్లాచెదురవుతున్నాయి? రెండింటికీ జవాబు ఒకే ప్రాజెక్టులో దొరికేలా ఈ మార్గదర్శి రాశాం. తెర మీదికి ఒక బంతి గెంతుతూ వచ్చి, దొర్లి ఆగుతుంది. అది ఆగబోతుండగా ‘సంక్రాంతి శుభాకాంక్షలు’ ఒక్కో అక్షరంగా పైకి లేస్తుంది. వెనక ఒక గాలిపటం. మొత్తం 200 ఫ్రేములు.

సంక్రాంతికి బంతేమిటని అడగకండి. గెంతే బంతిని సరిగ్గా కదిలించగలిగినవాళ్లు కంపెనీ లోగోనైనా, కుండనైనా, కోడిపుంజునైనా కదిలించగలరు.

ఇక్కడి మెనూలు, కీబోర్డు కీలు బ్లెండర్ 4.2 ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) వెర్షన్‌వి. అక్షరాల పనికి వెక్టర్ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ 1.2 గానీ ఆ తర్వాతిది గానీ కావాలి. రెండూ ఉచితమే.

1. కీఫ్రేమ్ పెట్టే ముందు సర్దుకోవలసినవి

ముందుగా ఫ్రేమ్ రేట్. అవుట్‌పుట్ ప్రాపర్టీస్‌లో 24 ఉంటుంది, దాన్ని 25 చేయండి. మన దేశంలో టీవీ పద్ధతి 25, పైగా లెక్కలు సులువు. కీఫ్రేములన్నీ పెట్టేశాక ఫ్రేమ్ రేట్ మారిస్తే కీలు ఉన్న ఫ్రేముల్లోనే ఉండిపోతాయి, వేగం మాత్రం మారిపోతుంది. అందుకే ఇది మొదటి పని.

మొదలుపెట్టే ముందు ఇవి సరిచూసుకోండి:

- రిజల్యూషన్ 1920 × 1080, ఫ్రేమ్ రేట్ 25, స్టార్ట్ 1, ఎండ్ 200.
- టైమ్‌లైన్‌లోని ప్లేబ్యాక్ మెనూలో సింక్ దగ్గర ‘ఫ్రేమ్ డ్రాపింగ్’. ‘ప్లే ఎవ్రీ ఫ్రేమ్’ మీద ఉంటే బరువైన సీన్ నెమ్మదిగా ఆడుతుంది. దాన్ని చూసి మీరు కీలు దగ్గరికి జరుపుతారు, రెండర్ అయ్యాక అంతా పరుగులు పెడుతుంది.
- టైమ్‌లైన్‌లోని గుండ్రటి ఆటో కీయింగ్ బటన్ ఆఫ్. ఆన్‌లో ఉంటే కెమెరాని కాస్త జరిపినా కీ పడిపోతుంది.
- రెండర్ ప్రాపర్టీస్, కలర్ మేనేజ్‌మెంట్, వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ దగ్గర ‘స్టాండర్డ్’. ముందుగా ఉండే ఏజీఎక్స్‌లో తెల్లని అక్షరాలు బూడిద రంగుకు తిరుగుతాయి, పసుపు వెలసిపోతుంది.
- కెమెరా లొకేషన్ ఎక్స్ 0, వై -14, జెడ్ 1.5, రొటేషన్ ఎక్స్ 90, మిగతావి 0. 50 మి.మీ. లెన్స్‌తో బంతి ఉన్నచోట తెర వెడల్పు దాదాపు 10 మీటర్లు వస్తుంది.
- ఫైళ్లకూ ఆబ్జెక్టులకూ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో.

2. బంతిని కట్టడం: కదిలేది ఒకటి, తిరిగేది ఒకటి

బంతికే అన్ని కీలూ పెట్టేయడం మామూలుగా జరిగే పొరపాటు. నేలకు తగిలినప్పుడు బంతి పైనుంచి కిందికి నొక్కుకోవాలి. స్కేల్ వస్తువు సొంత అక్షాల మీద పనిచేస్తుంది కాబట్టి, అప్పటికే పక్కకు తిరిగి ఉన్న బంతి ఏటవాలుగా నొక్కుకుంటుంది. ఈ చిక్కు రాకుండా పని ఇద్దరికి పంచాలి: ఒకటి బంతి, రెండోది ఎంప్టీ అనే, రెండర్‌లో కనిపించని ఖాళీ ఆబ్జెక్టు.

- షిఫ్ట్ + ఎ నొక్కి, ఎంప్టీ, ప్లెయిన్ యాక్సెస్. లొకేషన్ ఎక్స్ -4, వై 0, జెడ్ 0. దీని పేరు బాల్_మూవ్. జెడ్ 0 అంటే ఇది నేల మీద ఉంది.
- షిఫ్ట్ + ఎ, మెష్, యూవీ స్ఫియర్. ఎడమవైపు కింద తెరుచుకునే చిన్న ప్యానెల్‌లోనే రేడియస్ 0.5 ఇవ్వండి. తర్వాత ఎస్ కీతో చిన్నది చేస్తే స్కేల్ 0.5 అయి కూర్చుంటుంది. ఇలా ఇస్తే 1 గానే ఉంటుంది.
- బంతి లొకేషన్ ఎక్స్ -4, వై 0, జెడ్ 0.5.
- ముందు బంతిని, తర్వాత షిఫ్ట్‌తో ఎంప్టీని ఎంచుకుని, కంట్రోల్ + పి, ఆబ్జెక్ట్.

ఇకమీదట ప్రయాణం, నొక్కుడు ఎంప్టీవి. గిరగిర తిరగడం ఒక్కటే బంతిది.

బంతికి రెండు రంగులు వేయండి. ఎడిట్ మోడ్‌లో సగం ముఖాలు ఎంచుకుని రెండో మెటీరియల్ అసైన్ చేస్తే చాలు. ఒకే రంగు బంతి ఎంత తిరిగినా తిరిగినట్టు కనిపించదు.

3. గెంతులు: ఫ్రేముల లెక్క

2 మీటర్ల ఎత్తు నుంచి పడే వస్తువు నేలను చేరడానికి సుమారు 0.64 సెకను పడుతుంది. 25 ఫ్రేముల లెక్కన అది 16 ఫ్రేములు. మరి 1 మీటరుకు 8 అనుకుంటారు చాలామంది. కాదు, 11. ఎత్తు సగమైతే సమయం సగం కాదు, దాదాపు 0.7 వంతు అవుతుంది. బంతి నీళ్లలో తేలుతున్నట్టో, స్ప్రింగ్ మీద ఉన్నట్టో కనిపించడానికి సగం కారణం ఈ లెక్క తప్పడమే.

ఒక్కో గెంతుకూ ఎత్తు సగమయ్యే రబ్బరు బంతికి, ఎంప్టీ జెడ్ విలువలు ఇవి:

- ఫ్రేమ్ 1: 2
- ఫ్రేమ్ 17: 0
- ఫ్రేమ్ 28: 1
- ఫ్రేమ్ 39: 0
- ఫ్రేమ్ 47: 0.5
- ఫ్రేమ్ 55: 0
- ఫ్రేమ్ 61: 0.25
- ఫ్రేమ్ 67: 0
- ఫ్రేమ్ 71: 0.125
- ఫ్రేమ్ 75: 0

కీ పెట్టే పద్ధతి: ఎంప్టీని ఎంచుకోండి. ఎన్ నొక్కి కుడివైపు ప్యానెల్ తెరవండి. టైమ్‌లైన్‌లో ఫ్రేమ్ నంబరు కొట్టి, లొకేషన్ జెడ్‌లో విలువ రాసి, ఆ గడి మీద రైట్ క్లిక్ చేసి ‘ఇన్సర్ట్ సింగిల్ కీఫ్రేమ్’ ఎంచుకోండి. వ్యూపోర్టులో మౌస్ ఉంచి ఊరికే ఐ నొక్కితే లొకేషన్, రొటేషన్, స్కేల్ మూడింటికీ కీలు పడతాయి. అక్కర్లేని ఆ కీలు తర్వాత గ్రాఫ్‌లో ముళ్లపొదలా అడ్డం పడతాయి.

గడి రంగు గమనించండి. పసుపు అంటే ఈ ఫ్రేములో కీ ఉంది. ఆకుపచ్చ అంటే కీ ఇంకెక్కడో ఉంది. ఆరెంజ్ అంటే విలువ మార్చారు కానీ కీ పెట్టలేదు. ఆరెంజ్‌లో ఉండగా వేరే ఫ్రేముకు వెళ్తే మార్చిన విలువ పోతుంది. ‘నేను పెట్టాను, అదే పోయింది’ అనే ఫిర్యాదులన్నీ ఈ ఆరెంజ్ దగ్గరివే.

ఇప్పుడు ప్లే చేస్తే బంతి గెంతదు, ఉయ్యాల ఊగినట్టు ఊగుతుంది. కంగారు పడకండి, కీలన్నీ సరైనచోటే ఉన్నాయి. వాటి మధ్య నడక ఇంకా చెప్పలేదు, అంతే.

4. గ్రాఫ్ ఎడిటర్: అసలు పని జరిగే చోటు

బ్లెండర్ ప్రతి కీ దగ్గరా మెల్లగా ఆగి మెల్లగా బయల్దేరే బెజియే వంపు వేస్తుంది. ఎత్తులో ఉన్న కీలకు అది సరే, బంతి పైన క్షణం తేలాలి. నేల దగ్గర మాత్రం మెల్లగా ఆగడం ఏమిటి? పడే వస్తువుకు నేల తాకే క్షణంలోనే అన్నిటికంటే ఎక్కువ వేగం ఉంటుంది.

వంపును మలిచే హ్యాండిళ్లు చేత్తో లాగి దిద్దవచ్చు. దానికంటే కచ్చితమైన దారి ఉంది. గురుత్వాకర్షణలో పడే వస్తువు గ్రాఫ్ వర్గ సమీకరణపు వంపే. బ్లెండర్‌లో అదే ‘క్వాడ్రాటిక్’ పేరుతో ఉంది.

- గ్రాఫ్ ఎడిటర్ తెరిచి, జెడ్ లొకేషన్ చానెల్ ఒక్కటే ఎంచుకోండి. హోమ్ కీ నొక్కితే వంపంతా కనిపిస్తుంది.
- ఎ నొక్కి కీలన్నీ ఎంచుకుని, టి నొక్కి, క్వాడ్రాటిక్.
- పైన ఉన్న కీలు (1, 28, 47, 61, 71) మాత్రమే ఎంచుకుని, కంట్రోల్ + ఇ, ఈజ్ ఇన్ (మెల్లగా మొదలై వేగం పెరగడం).
- నేల మీది కీలు (17, 39, 55, 67) ఎంచుకుని, కంట్రోల్ + ఇ, ఈజ్ అవుట్ (వేగంగా మొదలై మెల్లబడడం).

ఒక కీకి ఇచ్చిన ఇంటర్పొలేషన్ (రెండు కీల మధ్య నడక) ఆ కీ నుంచి తర్వాతి కీ దాకా ఉన్న ముక్కకు వర్తిస్తుంది, ముందున్న ముక్కకు కాదు. ఇది గుర్తుంటే ఏ కీకి ఏది ఇవ్వాలో తడబడరు. పడడం పై కీతో మొదలవుతుంది కాబట్టి అక్కడ ఈజ్ ఇన్. లేవడం నేల కీతో మొదలవుతుంది కాబట్టి అక్కడ ఈజ్ అవుట్.

సరిగ్గా వస్తే గ్రాఫ్ పైన గుండ్రంగా, కింద మొనదేలి కనిపిస్తుంది. కింద కూడా గుండ్రంగా ఉందంటే నేల కీల ఈజింగ్ మారలేదని అర్థం.

ముందుకు సాగే కదలిక వేరు. గాలిలో ఉన్న బంతిని పక్కకు ఆపేది ఏదీ లేదు, కాబట్టి ఎక్స్‌లో వేగం మారకూడదు:

- ఎక్స్ లొకేషన్: ఫ్రేమ్ 1 దగ్గర -4, ఫ్రేమ్ 75 దగ్గర 1, ఫ్రేమ్ 100 దగ్గర 1.8.
- ఫ్రేమ్ 1 కీకి టి, లీనియర్.
- ఫ్రేమ్ 75 కీకి క్వాడ్రాటిక్, ఈజ్ అవుట్.

1.8 ఊరికే పెట్టిన అంకె కాదు. 74 ఫ్రేముల్లో 5 మీటర్లంటే ఫ్రేముకు 0.068 మీటరు. ఆ వేగంతో బయల్దేరి సమంగా నెమ్మదిస్తూ 25 ఫ్రేముల్లో ఆగే బంతి సుమారు 0.8 మీటరు దొర్లుతుంది. అక్కడ 3 అని పెడితే నేలకు దిగిన బంతిని ఎవరో వెనకనుంచి తన్నినట్టు ఉంటుంది.

తిరగడం కూడా ఇదే లెక్క. అర మీటరు వ్యాసార్థం ఉన్న బంతి 5 మీటర్లు దొర్లితే 573 డిగ్రీలు, మరో 0.8 మీటరుకు ఇంకో 92. ఇప్పుడు బంతిని (ఎంప్టీని కాదు) ఎంచుకుని రొటేషన్ వైలో ఫ్రేమ్ 1 దగ్గర 0, ఫ్రేమ్ 75 దగ్గర 573, ఫ్రేమ్ 100 దగ్గర 665 పెట్టండి. ఇంటర్పొలేషన్ ఎక్స్‌కు ఇచ్చినట్టే. నేల మీద బంతి జారుతున్నట్టు కనిపిస్తే ఈ అంకెల్లో ఏదో తప్పింది.

5. నొక్కుడు, సాగుడు

ఎంప్టీ స్కేల్‌కు కీలు పెట్టాలి. ఎన్ ప్యానెల్‌లో స్కేల్ గడి మీద మౌస్ ఉంచి ఐ నొక్కితే మూడు అక్షాలకూ ఒకేసారి పడతాయి.

- ఫ్రేమ్ 15: మూడూ 1.
- ఫ్రేమ్ 16: జెడ్ 1.1, ఎక్స్, వై 0.953.
- ఫ్రేమ్ 17: జెడ్ 0.75, ఎక్స్, వై 1.155.
- ఫ్రేమ్ 19: మూడూ 1.
- రెండో దెబ్బ: ఫ్రేమ్ 38లో 1, ఫ్రేమ్ 39లో జెడ్ 0.85 (ఎక్స్, వై 1.085), ఫ్రేమ్ 41లో 1.
- మూడో దెబ్బ: ఫ్రేమ్ 54లో 1, ఫ్రేమ్ 55లో జెడ్ 0.93 (ఎక్స్, వై 1.037), ఫ్రేమ్ 57లో 1.

నాలుగోది, అయిదోది వదిలేయండి. అంత చిన్న దెబ్బకు బంతి నొక్కుకోదు.

మూడు అక్షాల విలువల లబ్ధం 1 దగ్గర ఉండాలి. 0.75 × 1.155 × 1.155 అంటే దాదాపు 1. జెడ్ మాత్రమే తగ్గించి మిగతావి 1లోనే వదిలేస్తే బంతి నొక్కుకున్నట్టు ఉండదు, గాలి పోయినట్టు ఉంటుంది.

ఇనుప గుండుకైతే ఈ భాగమే వద్దు, గెంతుల ఎత్తు కూడా సగం కాకుండా పదో వంతుకు పడిపోవాలి. బరువు చూపించేది రంగూ మెరుపూ కాదు, ఈ అంకెలే.

6. గాలిపటం: దారి ఒకటి, ఊపు ఒకటి

ఒక ప్లేన్‌ను (చదరపు పలకను) నిలబెట్టి, దాని మీదే 45 డిగ్రీలు తిప్పండి. గాలిపటం ఆకారం వచ్చాక కంట్రోల్ + ఎ, రొటేషన్ అండ్ స్కేల్. దానికి దారిగా షిఫ్ట్ + ఎ, కర్వ్, పాత్. దారిని బంతికి వెనగ్గా, వైలో 4 దగ్గర పెట్టి ఎడిట్ మోడ్‌లో కావలసినట్టు వంచండి.

గాలిపటానికి ఆల్ట్ + జి కొట్టి లొకేషన్ సున్నా చేయండి. కన్‌స్ట్రెయింట్స్ ట్యాబ్‌లో ఫాలో పాత్, టార్గెట్‌గా ఆ కర్వ్. ‘ఫిక్స్‌డ్ పొజిషన్’ టిక్ చేసి, ఆఫ్‌సెట్ ఫ్యాక్టర్‌కు ఫ్రేమ్ 1 దగ్గర 0, ఫ్రేమ్ 200 దగ్గర 1 కీలు పెట్టండి. గాలిపటం దారి మీద కాకుండా ఎక్కడో దూరంగా ఎగురుతోందంటే లొకేషన్ సున్నా కాలేదని అర్థం.

ఊపుకు రొటేషన్ వైలో ఫ్రేమ్ 1 దగ్గర -8, 16 దగ్గర 8, 31 దగ్గర మళ్లీ -8. గ్రాఫ్ ఎడిటర్‌లో ఆ చానెల్ ఎంచుకుని షిఫ్ట్ + ఇ, మేక్ సైక్లిక్. అంతే, 30 ఫ్రేములకోసారి ఊగుతూనే ఉంటుంది. తోక నాలుగైదు ముక్కలైతే, ఒక్కో ముక్కనూ దాని ముందరి ముక్కకు పేరెంట్ చేసి (కంట్రోల్ + పి), ఇవే కీలను ముక్కకు 3 ఫ్రేములు ఆలస్యంగా జరపండి. తోక తనంతట తాను వెనకబడి ఊగుతుంది.

7. తెలుగు అక్షరాలు: ముందు ఇంక్‌స్కేప్, తర్వాత బ్లెండర్

బ్లెండర్ టెక్స్ట్ ఆబ్జెక్టులో ఇంగ్లీషు నేరుగా టైప్ చేయవచ్చు. తెలుగు అలా కుదరదు. ఫాంట్ లోడ్ చేసినా ఒత్తులూ గుణింతాలూ కూర్చే పని అది చేయదు. ‘క్రాం’ రావలసిన చోట క, పొల్లు గుర్తు, ర వేరువేరుగా నిలబడతాయి. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లతో కొందరు నెట్టుకొస్తారు. తెర మీద సరిగ్గానే కనిపిస్తుంది కానీ, అక్షరం ముక్కలుగానే ఉంటుంది, విడివిడిగా కదిలించబోతే మళ్లీ ఇదే తంటా.

ఇంక్‌స్కేప్‌లో:

- యూనికోడ్ ఫాంటుతో ‘సంక్రాంతి శుభాకాంక్షలు’ టైప్ చేయండి. రామభద్ర లాంటి బరువైన ఫాంటు వీడియోలో బాగా నిలుస్తుంది. అంత మందం వద్దనుకుంటే మండలి, నోటో సాన్స్ తెలుగు కూడా ఉన్నాయి. సన్నని గీతల ఫాంట్లు ఫోన్ తెర మీద కరిగిపోతాయి.
- రంగు ఫిల్‌లో ఉండాలి, స్ట్రోక్ ఉండకూడదు. స్ట్రోక్ మందం బ్లెండర్‌కు రాదు.
- ఒక కాపీ టెక్స్ట్‌గానే వేరే ఫైలులో దాచుకోండి. పాత్ అయిపోయాక అక్షరదోషం దిద్దలేరు.
- పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్. తర్వాత కంట్రోల్ + షిఫ్ట్ + జి నొక్కి అన్‌గ్రూప్. అంతా ఒకే పాత్‌గా వస్తే పాత్ మెనూలోని స్ప్లిట్ పాత్ వాడండి. బ్రేక్ అపార్ట్ వాడితే అక్షరాల లోపలి ఖాళీలు కూడా ఊడి వేరే ముక్కలవుతాయి.
- ఇప్పుడు ఒక్కో అక్షరానికి చెందిన ముక్కలన్నీ ఎంచుకుని పాత్, యూనియన్. సున్న దాని ముందరి అక్షరానిదే: ‘స’, దాని పక్క సున్న కలిసి ‘సం’. ‘క్రాం’లో క, దీర్ఘం, ర ఒత్తు, సున్న నాలుగూ ఒకటే.
- కంట్రోల్ + ఎ కొట్టి కింద స్టేటస్ బార్ చూడండి. 8 ఆబ్జెక్టులు అని రావాలి: సం, క్రాం, తి, శు, భా, కాం, క్ష, లు. 9 వచ్చిందంటే ఎక్కడో సున్నో ఒత్తో విడిగా ఉండిపోయింది.
- ప్లెయిన్ ఎస్‌వీజీగా (వెక్టర్ గీతల ఫైలుగా) సేవ్ చేయండి.

యూనియన్ మానేయకండి. కొన్ని ఫాంట్లలో అక్షరం, గుణింతం గుర్తు ఒకదానిమీద ఒకటి పడుతూ ఉంటాయి. కలపకుండా తెస్తే బ్లెండర్‌లో ఆ పడిన చోట చిల్లు కనిపించవచ్చు.

బ్లెండర్‌లో:

- ఫైల్, ఇంపోర్ట్, ఎస్‌వీజీ. ఏమీ రాలేదనిపిస్తుంది. వచ్చింది, చాలా చిన్నగా ఉంది. నంపాడ్ 7 నొక్కి పైనుంచి చూడండి. కొత్త కలెక్షన్‌లోవన్నీ ఎంచుకుని, ఎస్ కీతో 1 మీటరు గళ్లు ఏడు పట్టే వెడల్పుకు పెంచండి.
- మధ్య భాగం ఎక్స్ 0 దగ్గర, అక్షరాల అడుగు గీత వై 0 దగ్గర ఉండేలా జరపండి. అడుగు గీత అంటే ప్రధాన అక్షరం అడుగు. ఒత్తులూ కొమ్ముల చివరలూ దానికి కిందికి వేలాడతాయి, వేలాడనివ్వండి.
- కంట్రోల్ + ఎ, స్కేల్.
- కర్వ్ ప్రాపర్టీస్, జామెట్రీలో ఎక్స్‌ట్రూడ్ 0.05, బెవెల్ డెప్త్ 0.01. అన్నీ ఎంచుకుని ఆల్ట్ నొక్కి ఉంచి విలువ మారిస్తే అన్నింటికీ వర్తిస్తుంది. బెవెల్ ఎక్కువైతే భ, క్ష లోపలి చిన్న ఖాళీలు పూడిపోయి అక్షరం ముద్దవుతుంది.
- ఎడమ నుంచి కుడికి వరసగా ఎఫ్2 నొక్కి ఎల్1, ఎల్2 అంటూ ఎల్8 దాకా పేర్లు పెట్టండి.

ఇప్పుడు ఆరిజిన్లు, అంటే ఆబ్జెక్టు ఏ బిందువు ఆధారంగా పెరుగుతుందో, తిరుగుతుందో ఆ బిందువులు. ఎస్‌వీజీ నుంచి వచ్చిన అక్షరాలన్నింటి ఆరిజిన్ ఒకే చోట ఉంటుంది. అలాగే స్కేల్ యానిమేట్ చేస్తే అక్షరాలన్నీ ఒకే మూలనుంచి దూసుకొస్తాయి. అందుకే, అన్నీ ఎంచుకుని రైట్ క్లిక్, సెట్ ఆరిజిన్, ఆరిజిన్ టు జామెట్రీ. తర్వాత ఒక్కో అక్షరానికి షిఫ్ట్ + ఎస్, కర్సర్ టు సెలెక్టెడ్. ఎన్ ప్యానెల్ వ్యూ ట్యాబ్‌లో 3డి కర్సర్ వై విలువ 0. మళ్లీ సెట్ ఆరిజిన్, ఆరిజిన్ టు 3డి కర్సర్. ఎనిమిదింటికీ చేయాలి, విసుగ్గానే ఉంటుంది. కానీ అక్షరం నేలలోంచి మొలిచినట్టు లేవాలంటే ఆరిజిన్ అడుగు గీత మీదే ఉండాలి. నడుమ దగ్గర ఉంటే బుడగలా ఉబ్బుతుంది.

చివరగా 0, 0, 0 దగ్గర ఒక ఎంప్టీ పెట్టి, అక్షరాలన్నీ ఎంచుకుని చివర ఎంప్టీని ఎంచుకుని కంట్రోల్ + పి, ఆబ్జెక్ట్. ఎంప్టీకి రొటేషన్ ఎక్స్ 90, లొకేషన్ జెడ్ 1.8. టైటిల్ నిలబడుతుంది. అక్షరాలకే 90 డిగ్రీలు ఇచ్చి అప్లై చేయబోతే, 2డి కర్వ్‌కు అది కుదరదని బ్లెండర్ తిప్పికొడుతుంది.

8. అక్షరాలు ఒకదాని వెనక ఒకటి

బంతి ఫ్రేమ్ 100 దగ్గర ఆగుతుంది. టైటిల్ 90 దగ్గర మొదలవ్వాలి. అప్పటికి బంతి నెమ్మదించి ఉంటుంది కాబట్టి చూపు దానంతట అదే పైకి వెళ్తుంది. 40 దగ్గరే మొదలుపెడితే కన్ను ఎటు చూడాలో తేల్చుకోలేదు.

- వ్యూపోర్ట్ పైన పివట్ పాయింట్ ‘ఇండివిడ్యువల్ ఆరిజిన్స్’.
- 8 అక్షరాలూ ఎంచుకుని, ఫ్రేమ్ 90 దగ్గర ఎస్, 0.001, ఎంటర్. తర్వాత కె నొక్కి మెనూలో స్కేల్.
- ఫ్రేమ్ 102 దగ్గర ఆల్ట్ + ఎస్, మళ్లీ కె, స్కేల్.
- డోప్ షీట్‌లో (కీలన్నీ వరసల్లో కనిపించే ఎడిటర్) కీలన్నీ ఎంచుకుని టి, బ్యాక్. కంట్రోల్ + ఇ, ఈజ్ అవుట్.

బ్యాక్ అంటే 1ని కొంచెం దాటి వెనక్కి వచ్చి కుదురుకోవడం. రెండే కీలతో పని అయిపోతుంది. మరీ గెంతినట్టుంటే గ్రాఫ్ ఎడిటర్ ఎన్ ప్యానెల్‌లో ఆ కీకి బ్యాక్ విలువ 1.70 నుంచి 1కి తగ్గించండి. సంతాప ప్రకటనకో, ప్రభుత్వ నోటీసుకో బ్యాక్ వాడకండి. అక్కడ మెల్లగా కుదురుకునే సైనుసోయిడల్ చాలు.

ఇక ఆలస్యం. ఎల్2ని ఎంచుకుని డోప్ షీట్‌లో ఎ, జి, 3, ఎంటర్. ఎల్3కి 6, ఎల్4కి 9, అలా ఎల్8కి 21. చివరి అక్షరం ఫ్రేమ్ 123 దగ్గర నిలుస్తుంది. ఆలస్యం ఫ్రేము లోపు అయితే అన్నీ కలిసి లేచినట్టే ఉంటుంది. 5 దాటితే చూసేవాళ్లు మిగతా మాట ముందే చదివేసి ఎదురుచూస్తుంటారు.

స్కేల్‌కు మాత్రమే కీ పెట్టమన్నది ఊరికే కాదు. ఒక అక్షరం కీలను మిగతావాటికి లింక్ చేసి పంచేటప్పుడు అందులో లొకేషన్ కూడా ఉంటే, ఎనిమిది అక్షరాలూ వచ్చి ఒకదాని మీద ఒకటి పడతాయి.

టైటిల్ నిలిచాక గట్టిగా రెండుసార్లు చదివేంత సేపు కదపకుండా వదలండి. ఈ రెండు మాటలకు 3 సెకన్లు, అంటే 75 ఫ్రేములు. 123 + 75 = 198, అందుకే ఎండ్ 200 పెట్టాం. పెద్ద వాక్యాలకు అక్షరం అక్షరం కదిలించడం మానేసి, మాటకో 6 నుంచి 8 ఫ్రేముల ఆలస్యం ఇవ్వండి. రెండు వరసలు దాటితే అదీ వద్దు, మొత్తం ఒకేసారి తేవడమే మేలు.

9. రెండర్ ముందు ఒక చూపు

- వ్యూ మెనూలోని వ్యూపోర్ట్ రెండర్ యానిమేషన్‌తో ఓ కచ్చా వీడియో తీసి అసలు వేగంతో చూశారా?
- ఫ్రేమ్ 17, 39, 55లో బంతి నేలను సరిగ్గా తాకుతోందా? నేలలో దిగబడిందా, గాలిలో ఉండిపోయిందా?
- ఫ్రేమ్ 130లో ఎనిమిది అక్షరాల స్కేల్ 1గానే ఉందా?
- ఒత్తులు, సున్నలు అన్నీ ఉన్నాయా? తెలుగు చదవగల ఇంకొకరికి చూపించండి. పనిచేసినవాళ్ల కంటికి తప్పు కనబడదు.
- మోషన్ బ్లర్ కావాలంటే షటర్ 0.5.

10. రెండర్

నేరుగా ఎంపీ4కి రెండర్ చేయకండి. 180వ ఫ్రేము దగ్గర కరెంటు పోతే ఫైలు మొత్తం పనికిరాకుండా పోవచ్చు. అవుట్‌పుట్‌లో పీఎన్‌జీ ఎంచుకుని, ఒక ఖాళీ ఫోల్డర్ ఇచ్చి, కంట్రోల్ + ఎఫ్12. మధ్యలో ఆగినా ఆగిన ఫ్రేము నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఒక అక్షరం రంగు మార్చాలన్నా 90 నుంచి చేస్తే చాలు.

తర్వాత ఫైల్, న్యూ, వీడియో ఎడిటింగ్. యాడ్, ఇమేజ్ సీక్వెన్స్‌తో 200 పీఎన్‌జీలూ తెచ్చుకోండి. ఫ్రేమ్ రేట్ 25, ఎండ్ 200 ఇక్కడ కూడా పెట్టాలి, కొత్త ఫైలుకు పాత సెట్టింగులు రావు. వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ స్టాండర్డ్ అని ఉందో లేదో చూడండి. ఫైల్ ఫార్మాట్ ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ వీడియో, కంటైనర్ ఎంపెగ్-4, కోడెక్ హెచ్.264, క్వాలిటీ హై.

వాట్సాప్ స్టేటస్ కోసమైతే రిజల్యూషన్ 1080 × 1920 చేయాలి. అప్పుడు ఇదే కెమెరాకు తెర వెడల్పు దాదాపు 5.7 మీటర్లే ఉంటుంది, 7 మీటర్ల టైటిల్ రెండు వైపులా తెగిపోతుంది. కెమెరాను వెనక్కి జరిపితే అక్షరాలు చిన్నవైపోతాయి. టైటిల్‌ని రెండు వరసలు చేయండి: ఎల్1 నుంచి ఎల్3 దాకా పైన, మిగతా అయిదు కింద. లొకేషన్‌కు కీలు లేవు కాబట్టి అక్షరాలు ఎక్కడికి జరిపినా యానిమేషన్ చెక్కుచెదరదు. బంతి -4 దగ్గర తెర బయటే ఉంటుంది, మధ్యలో గెంతుతూ లోపలికి వస్తుంది. దాన్ని ముట్టుకోవద్దు.